విత్తనానికి ఎంత ఎండ, ఎంత తొందర?

సార్వా కోతలు మొదలయ్యాక విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర బందరు రోడ్డు పట్టుకుని పెనమలూరు దాటితే చాలు, రోడ్డుకు ఒక పక్కంతా వడ్లే. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు అంటూ ఊళ్ళు మారతాయి గానీ ఆ వడ్ల బారు మాత్రం తెగదు. హార్వెస్టరు కోసి పోసిన పచ్చి ధాన్యాన్ని ఎలాగోలా 17 శాతం తేమకు దించాలి. అంతకు మించితే కొనుగోలు కేంద్రంలో పేచీ. కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగేసేవాళ్ళు, పట్టా అంచుల మీద రాళ్ళు పెట్టేవాళ్ళు, తూర్పున మబ్బు లేస్తోందా అని చూసేవాళ్ళు. అన్నానికి పోయే ధాన్యం కథ అక్కడితో సరి. కానీ అదే పట్టా మీద ఒక మూలన, వచ్చే ఏటి నారుమడికని రైతు వేరుగా పెట్టుకున్న నాలుగు బస్తాల వడ్లూ ఆరుతుంటాయి. వాటికి అసలు పరీక్ష ఆరేడు నెలల తరవాత, నారు పోసిన రోజున.

ఆ నాలుగు బస్తాలు ఎంత వేగంగా ఆరాలి? అడగడానికి చిన్న ప్రశ్నే. జవాబు కోసం విత్తన శాస్త్రాన్ని తిరగేస్తే మాత్రం తల తిరుగుతుంది. త్వరగా ఆరబెట్టడం వల్లే గింజ చచ్చిందని ఒక పరిశోధన చెబుతుంది. మెల్లగా ఆరబెట్టడం వల్లే చచ్చిందని ఇంకొకటి అంటుంది. వేగాన్ని వదిలేసి వేడిని చూడమని మూడోది. ముగ్గురూ సొంత పరీక్షలు చేసి చెప్పినవాళ్ళే, ముగ్గురి మాటా నిజమే. ఒకరు చూసింది పాలు పోసుకుంటున్న గింజను, ఒకరు చూసింది పండి నిండిన గింజను, మరొకరు చూసింది ఆరడమంటేనే గిట్టని గింజను. ఈ తేడా చెప్పకుండా వేగం మంచిదా చెడ్డదా అని అడిగితే వచ్చే ఏ జవాబునూ నమ్మనక్కర్లేదని నా అభిప్రాయం.

ముందు అందరూ ఒప్పుకునే సంగతులు. వరి, మినుము, జొన్న, వేరుశనగ వంటి మన పంట గింజల్లో తేమ ఎంత తగ్గితే ఆయుష్షు అంత పెరుగుతుంది. కాలిఫోర్నియాలో పనిచేసిన జేమ్స్ హారింగ్టన్ దీన్ని రైతు గుర్తుపెట్టుకోగలిగిన లెక్కగా చెప్పాడు. 14 నుంచి 5 శాతం మధ్య, తేమ ఒక్క శాతం తగ్గినప్పుడల్లా నిల్వ కాలం రెట్టింపు అవుతుంది. నిల్వ చేసే చోటు 5 డిగ్రీలు చల్లబడినా అంతే. ఇది ఉజ్జాయింపు లెక్క. 1980లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం నుంచి ఎల్లిస్, రాబర్ట్స్ దీన్ని సమీకరణంగా మార్చారు. గింజ నిల్వకు వచ్చేనాటికి దానిలో ఉన్న సత్తువ ఎంత, ఆ తరవాత తేమ, వేడి కలిసి దాన్ని ఎంత వేగంగా తినేస్తాయి అనే రెండింటినీ వాళ్ళు విడదీసి చూపించారు. ఆరబెట్టే వేగం గురించిన చర్చంతా ఈ మొదటి భాగం గురించే. ఆరబెట్టే క్రమంలో గింజ సత్తువను పోగొట్టామా, పెంచామా?

రెండో సంగతి గాలి. గింజ ఎంతవరకు ఆరుతుందో తేల్చేది ఎండ కన్నా ఎక్కువగా చుట్టూ ఉన్న గాలే. 25 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 75 శాతం ఉంటే వడ్లు సుమారు 14 శాతం దగ్గర ఆగిపోతాయి, ఎన్ని రోజులు పరిచినా అంతకన్నా దిగవు. గాలి తేమ 45కు పడితే 11 దాకా దిగుతాయి. 15 శాతానికి పడితేనే 7 దగ్గరకు వస్తాయి. మన విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం వరి విత్తనంలో మామూలు సంచికైతే 13 శాతం, గాలి చొరని ప్యాకింగుకైతే 8 శాతం మించి తేమ ఉండకూడదు. మినుముకు ఇవి 9, 8. బందరు తీరపు గాలిలో వరికి చెప్పిన మొదటి అంకె మధ్యాహ్నపు ఎండలో అందుతుంది, తెల్లారేసరికి మంచు పీల్చుకుని మళ్ళీ చేజారుతుంది. రెండో అంకె మన కళ్ళాల్లో, మన గాలిలో అందడం చాలా కష్టం. అందుకే డెల్టా రైతుకు ఆరబెట్టే వేగం అన్నది పుస్తకాల్లో మాట కాదు. పగలు సంపాదించింది రాత్రి పోకముందే గింజను కట్టి లోపల పెట్టుకోవాలి.

ఇక గింజ లోపలికి వెళ్దాం. పండే దశలో గింజ తన నీటిని తానే వదులుకుంటుంది. అలా వదులుకునే ముందు పెద్ద ఏర్పాటు చేసుకుంటుంది. లియా ప్రోటీన్లని పిలిచే ఒక జాతి మాంసకృత్తుల్ని తయారు చేసుకుంటుంది. సుక్రోజు, రాఫినోజు వంటి చక్కెరల్ని పోగేసుకుంటుంది. నీరు తగ్గేకొద్దీ ఇవి కణంలోని పొరల్నీ ప్రోటీన్లనూ అంటిపెట్టుకుని కాపు కాస్తాయి. చివరికి కణంలోని ద్రవం, బెల్లం పాకం ముదిరి గట్టిపడ్డట్టు, గాజులాంటి స్థితికి చేరుతుంది. ఆ స్థితిలో అణువులు కదలలేవు, అందుకే చెడూ నెమ్మదిస్తుంది. గింజ ఏళ్ళ తరబడి బతికేది ఇలాగే.

ప్రమాదమంతా నడిమి దశలోనే. పూర్తి తడిలో గింజ జీవక్రియ సవ్యంగా సాగుతుంది, పూర్తిగా ఆరితే ఆగిపోతుంది. ఈ రెంటికీ మధ్య, కొన్ని ఎంజైములు పనిచేస్తూ కొన్ని మానేసిన వేళ, లెక్క తప్పుతుంది. హానిచేసే ఆక్సిజన్ రూపాలు పుట్టి పొరల్ని కొరికేస్తాయి. కాబట్టి ఆరుతున్న గింజలో రెండు పనులు ఒకేసారి పోటీ పడుతుంటాయి, ఒకటి రక్షణ ఏర్పాటు, రెండోది నాశనం. ఏర్పాటు చేసుకోగల సత్తా ఉండి అది ఇంకా పూర్తికాని గింజకు సమయం కావాలి, మెల్లగా ఆరడం దానికి మేలు. ఏర్పాటు చేసుకునే సత్తాయే లేని గింజకు నడిమి దశలో గడిపే ప్రతి గంటా నష్టమే, త్వరగా దాటించడమే దానికి మేలు. ఏర్పాటు పూర్తయిన గింజకు వేగంతో పెద్ద పని లేదు, వేడితోనూ ఆలస్యంతోనూ ఉంది. పైన చెప్పిన మూడు వాదాలూ ఈ మూడు రకాల గింజల మీద నిలబడ్డవే.

మొదటి రకానికి మంచి సాక్షి మన ఆముదం. 1985లో కెర్మోడ్, బ్యూలీ అనే ఇద్దరు పరిశోధకులు పూర్తిగా పండని ఆముదం గింజల్ని తీసుకుని కొన్నిటిని త్వరగా, కొన్నిటిని రోజుల తరబడి మెల్లగా ఆరబెట్టారు. ఒకే వయసు గింజలు, త్వరగా ఆరినవి చచ్చాయి, మెల్లగా ఆరినవి నీళ్ళు తగలగానే మొలిచాయి. పచ్చి సోయా గింజల్లోనూ అంతకు రెండేళ్ళ ముందే ఇలాంటి ఫలితమే వచ్చింది. మెల్లగా ఆరే ఆ కాలంలో గింజ తన పెంపకం పనిని ముగించుకుని మొలిచే పనికి సిద్ధమవుతోందని దీని అర్థం. అంటే ఆరడం గింజకు ఒక దండనే కాదు, ఒక సంకేతం కూడా.

మొక్కజొన్న విత్తన కంపెనీలు దీన్ని డబ్బు ఖర్చుపెట్టి నేర్చుకున్నాయి. ఏలూరు, ఖమ్మం ప్రాంతాల్లో పండే హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాన్ని కండెలతోనే, బాగా తేమ ఉండగానే కోసి డ్రయ్యర్లకు ఎక్కిస్తారు. పచ్చి కండెను ఒక్కసారిగా 50 డిగ్రీల గాలికి పెడితే మొలక దెబ్బతింటుంది. 1989లో అమెరికాలోని అయోవాలో హెర్టర్, బరిస్ చూపించింది ఏమిటంటే, ముందు 35 డిగ్రీల దగ్గర కొంతకాలం ఆరనిచ్చి ఆ తరవాత వేడి పెంచితే అదే గింజ అదే 50 డిగ్రీలను తట్టుకుంటుంది. మధ్యలో గింజకు దొరికిన ఆ గడువే దాన్ని కాపాడింది.

ఇక్కడ మన పాత పద్ధతిని ఒకసారి గుర్తు చేసుకోవాలి. హార్వెస్టరు రాకముందు డెల్టాలో వరి కోసి పనల మీద మూడు నాలుగు రోజులు ఆరనిచ్చేవారు. తరవాత కట్టలు కట్టి కుప్ప వేసేవారు. నూర్పిడి వారాల తరవాతి మాట. ఆ కాలమంతా గింజ కంకిని అంటిపెట్టుకునే ఉండేది, నీడపట్టున, గాలి ఆడే చోట, నెమ్మదిగా తేమ వదిలేది. ఆ తరవాత గాదెల్లోకో, గడ్డి వెంట్లు చుట్టి కట్టిన పురుల్లోకో చేరేది. ఆలస్యంగా పొట్టలోంచి వచ్చిన పిలకల కంకుల్లోని పచ్చి గింజలకు ఈ గడువు ఎంత పనికొచ్చి ఉంటుందో పై ప్రయోగాలు చదివాక ఊహించవచ్చు. హార్వెస్టరు ఈ గడువునే తీసేసింది. కంకి మీద ఉండగా 20 శాతం పైన తేమ ఉన్న గింజ నిమిషాల్లో డబ్బాలో పడి, గంటల్లో రోడ్డు మీదకు వస్తోంది.

అలాగని పాత రోజుల్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. తడి కుప్ప వేడెక్కితే లోపలి గింజ రంగు మారి మొలక చచ్చేది. తుపాను పడితే నిద్రావస్థ లేని రకాలు పనల మీదే మొలకెత్తేవి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పనల మీద ఉన్న పైరుకు ఏం జరిగిందో ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. హార్వెస్టరు వైపు రైతు మళ్ళింది సోమరితనంతో కాదు, కూలీల కరువుతోనూ ఆకాశం మీద అపనమ్మకంతోనూ.

వరి విషయంలో ఈ మధ్య వచ్చిన అత్యంత ఆసక్తికరమైన పరిశోధన ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రి నుంచి వచ్చింది. ప్రపంచం నలుమూలల వరి రకాలను దాచే జన్యు బ్యాంకు అక్కడుంది. జన్యు బ్యాంకులన్నీ చాలాకాలం ఒకే సూత్రాన్ని పాటించాయి. కోసిన విత్తనాన్ని వెంటనే 15 డిగ్రీల చల్లదనం, 15 శాతం గాలి తేమ ఉన్న గదిలో పెట్టి ఆరబెట్టాలి. వేడి తగిలితే గింజకు చేటన్నది దీని వెనకున్న భయం. మరి ఉష్ణమండలంలో, వానల మధ్య కోసిన వడ్లకూ ఇదే సరైనదా అని కేథరిన్ వైట్‌హౌస్, ఫియోనా హే, రిచర్డ్ ఎల్లిస్ పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. కొన్ని వడ్లను నేరుగా చల్లగదిలో పెట్టారు. కొన్నిటిని ముందు 45 డిగ్రీల గాలి ఆడే డ్రయ్యర్లో పగలు కొన్ని గంటల చొప్పున ఆరబెట్టి, రాత్రి ఆపి, ఆ తరవాతే చల్లగదికి మార్చారు. తరవాత అన్నిటి ఆయుష్షునూ కొలిచారు.

వచ్చిన ఫలితం పాత నమ్మకాన్ని తలకిందులు చేసింది. కోసేనాటికి 16 శాతానికి పైగా తేమ ఉన్న గింజలు వేడి గాలిలో విడతలుగా ఆరినప్పుడు చల్లగదిలో ఆరినవాటి కన్నా చాలా ఎక్కువ కాలం బతికాయి. కంకి మీదే బాగా ఆరిపోయి వచ్చిన గింజలకు మాత్రం ఆ లాభం దక్కలేదు. 2018లో మరిన్ని రకాల మీద చేసినా ఇదే తేలింది. వాళ్ళ వివరణ మనం పైన చెప్పుకున్నదే. తేమగా ఉన్న గింజ ఇంకా పండుతూనే ఉంది. దాన్ని చల్లగదిలోకి తోస్తే ఆ పని మధ్యలో ఆగిపోయింది. వెచ్చగా, కొంత తేమతో ఉంచితే పూర్తయింది.

పగలు ఆరబెట్టి రాత్రి ఆపడం అన్న ఆ పద్ధతి మన రైతుకు కొత్త కాదు. పొద్దున పరచి, సాయంత్రం కుప్పగా నెట్టి పట్టా కప్పి, మర్నాడు మళ్ళీ పరచడం మనం చేసే పనే. రాత్రి కుప్పలో ఉన్నప్పుడు గింజ నడుమనున్న తేమ పైపొరకు చేరుకుంటుంది, మర్నాడు సులువుగా వదులుతుంది, నూకా తగ్గుతుంది. అయితే పోలికను ఇక్కడే ఆపాలి. ఇర్రి డ్రయ్యర్లో ఉన్నది అదుపులో ఉన్న 45 డిగ్రీల గాలి, పైపెచ్చు నీరు ఆవిరవుతున్నంతసేపూ గింజ ఆ గాలి కన్నా చల్లగానే ఉంటుంది. నడినెత్తిన ఎండ కాసే వేళ తారు రోడ్డు గాలి కన్నా చాలా వేడెక్కుతుంది, ఎంత వేడెక్కిందో కొలిచేవారు లేరు. ఇర్రి కాగితాన్ని చూపించి రోడ్డు మీద ఆరబోయడాన్ని సమర్థించుకోవద్దు.

వేడి గురించి పాత హద్దులు ఇప్పటికీ పనికొస్తాయి. హారింగ్టన్, డగ్లస్ చెప్పిన లెక్క ప్రకారం తేమ 18 శాతం పైన ఉన్న విత్తనానికి తగిలే గాలి 32 డిగ్రీలు దాటకూడదు. 10 నుంచి 18 మధ్య ఉంటే 37, పదికి దిగాక 43. ఇర్రి ఫలితం వరికి ఈ హద్దును సడలించినట్టే కనబడుతుంది. నా ఉద్దేశంలో అది వరికి, అదీ విడతలుగా, గాలి ఆడే డ్రయ్యర్లో మాత్రమే. కూరగాయ విత్తనాలకూ పప్పు గింజలకూ దాన్ని పాకించడానికి ఆధారం లేదు.

వేడి చేసే చేటు చూడాలంటే కృష్ణ మీది వారధి దాటి గుంటూరు మీదుగా బాపట్ల, చీరాల ఇసుక నేలలకు వెళ్ళాలి. అక్కడ రబీ వేరుశనగ తవ్వేది వేసవి ముదిరే వేళ. పీకిన చెట్లను కాయలు పైకి ఉండేలా ఎండలో వదిలేస్తే, కాలుతున్న ఇసుక మీద కాయలోని గింజ 40 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. కాయ బాగుంటుంది, గింజ నిండుగా ఉంటుంది, నూనెకు పోయినా వంకపెట్టేవారుండరు. కానీ విత్తనంగా నాలుగైదు నెలల్లోనే చచ్చిపోతుంది. సార్వాకు వెయ్యాల్సిన విత్తనం అదే కాబట్టి దెబ్బ సరిగ్గా పడాల్సిన చోటే పడుతుంది. జునాగఢ్‌లోని జాతీయ వేరుశనగ పరిశోధన కేంద్రం దీనికి చెప్పిన మందు ఖరీదైనదేమీ కాదు. మూడు కర్రలు ముక్కాలిపీటలా నిలబెట్టి, కాయలు లోపలి వైపు వచ్చేలా చెట్లను పేర్చి, నేరుగా ఎండ తగలకుండా గాలికి ఆరనివ్వడం. ఆరిన కాయను పాలిథిన్ పొర ఉన్న గోనెలో వేసి, తేమ పీల్చే కాల్షియం క్లోరైడును కొంచెం తోడు పెట్టడం. ఇందులో రోజులు ఎక్కువ పడతాయి, వేడి తక్కువ తగులుతుంది. కోత వేళ కూలీ లెక్క చూసుకునే రైతుకు ఆ అదనపు రోజులే భారం. అందుకే సలహా బులెటిన్లలోనే ఉండిపోయింది.

డెల్టాలో రెండో పంట మినుము. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచిన పైరులోనే చల్లే ఈ గింజకు ఇంకో రకం చిక్కుంది. పప్పు జాతుల్లో కొన్నిటికి అతిగా ఆరితే తోలు నీటిని లోపలికి రానివ్వని గట్టి గింజలు తయారవుతాయి. 1954లో హైడ్ అనే న్యూజిలాండ్ శాస్త్రవేత్త దీని కీలకాన్ని కనిపెట్టాడు. కాయను అంటుకుని ఉన్న చోట గింజ మీద మిగిలే మచ్చ ఒక వాల్వులా పనిచేస్తుంది, బయట పొడిగా ఉన్నప్పుడు తెరుచుకుని తేమను బయటికి పంపుతుంది, బయట తేమగా ఉన్నప్పుడు మూసుకుంటుంది. ఇలా గింజ బయటి గాలి కన్నా పొడిగా తయారవుతుంది. నిల్వకు ఇది వరం, మొలకకు అడ్డు. దీనికి ఎదురుగా, తోలు పగిలిన బాగా ఆరిన పప్పు గింజ నీటిలో పడగానే ఒక్కసారిగా నీరు తాగి లోపలి పొరలు చిట్లిపోతాయి. ఆరే వేగం లాగే నానే వేగం కూడా లెక్కలోకి వస్తుందన్నమాట. మినుముకు 9 శాతం దగ్గర ఆగడమే మధ్యేమార్గం. అంతకు దిగి ఆరితే పుచ్చు పురుగు కూడా కొంత వెనక్కు తగ్గుతుంది.

ఇంతవరకు మాట్లాడుకున్నవన్నీ ఆరితే బతికే గింజలు. ఆరితే చచ్చేవీ ఉన్నాయి. 1973లో రాబర్ట్స్ గింజల్ని రెండు వర్గాలుగా విడగొట్టాడు. ఆరబెట్టి దాచుకోగలిగినవాటికి ఆర్థోడాక్స్ అని, దాచడం కుదరనివాటికి రికాల్సిట్రెంట్ అని పేర్లు పెట్టాడు. రెండో వర్గం మనకు పరాయిది కాదు. నూజివీడు మామిడి టెంక అందులోదే, కోనసీమ కొబ్బరి అందులోదే, పనస గింజ అందులోదే. మామిడి మొక్కలు అంటుకట్టే నర్సరీల వాళ్ళకు ఏ పుస్తకం చదవకుండానే ఇది తెలుసు. తిన్న పండు టెంకను కడిగి నీడన ఉంచి నాలుగైదు వారాల్లోపే నాటెయ్యాలి, తరవాత నాటినా లాభం లేదు. తాటి టెంకలను పేసం తీసుకున్నాక మట్టిలో పాతరేసేదీ, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తేగలు తవ్వి తినేదీ అందరికీ తెలిసిందే.

ఈ వర్గంలో ఆరే వేగం మీద జరిగిన తొలి గట్టి ప్రయోగాల్లో ఒకటి మన దివిసీమకు నేరుగా సంబంధించిన చెట్టు మీద జరిగింది, అయితే దక్షిణాఫ్రికాలో. నాగాయలంక దాటి సొర్లగొంది, ఎదురుమొండి వైపు వెళితే కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవులున్నాయి, వాటిలో ఎక్కువ భాగం మడ చెట్లే. శాస్త్రీయంగా అవిసీనియా అనే ఈ జాతిలో తెల్ల మడ కాయ చెట్టు మీద ఉండగానే లోపల మొలకెత్తడం మొదలుపెడుతుంది. రాలి నీటిలో తేలుతూ ఏదో ఒడ్డున బురదలో పాతుకుంటుంది. దాచిపెట్టే ఉద్దేశమే లేని గింజ. డర్బన్‌లో జిల్ ఫారంట్, పట్రీషియా బెర్జాక్, నార్మన్ పామెంటర్ 1985లో ఈ గింజల్ని రకరకాల వేగాలతో ఆరబెట్టారు. త్వరగా ఆరినవి మెల్లగా ఆరినవాటి కన్నా తక్కువ తేమ దాకా ప్రాణంతో నిలిచాయి. ఆముదానికి పూర్తిగా తిరగబడిన ఫలితం ఇది.

కారణం పైన చెప్పుకున్న నడిమి దశే. మడ గింజ రక్షణ ఏర్పాటు చేసుకోదు, దాని జీవక్రియ ఆగదు. మెల్లగా ఆరితే రోజుల తరబడి నడిమి దశలో కొట్టుకుంటూ తనను తానే దహించుకుంటుంది. త్వరగా ఆరితే ఆ దశను పరుగున దాటేస్తుంది. బెర్జాక్, పామెంటర్ తరవాత ఎన్నో ఏళ్ళు ఇదే పని చేసి, అనేక అడవి జాతుల్లో దీన్నే నిరూపించారు. వాళ్ళు ఎప్పుడూ చేర్చిన ఒక హెచ్చరికను మాత్రం చాలామంది మరిచిపోతారు. వేగం ఆ గింజకు ఆరడాన్ని తట్టుకునే శక్తిని ఇవ్వదు. చావును కాస్త వెనక్కు నెడుతుందంతే. త్వరగా ఆరిన మడ గింజను గదిలో పెడితే అదీ కొద్ది రోజుల్లో చస్తుంది.

ఆ కొద్ది వ్యవధిని వాడుకోవడం ఎలాగో శీతల నిల్వ శాస్త్రం నేర్చుకుంది. గింజలోంచి మొలకనిచ్చే చిన్న పిండాన్ని మాత్రమే వేరుచేసి, పొడి గాలి ఊదుతూ రోజుల బదులు గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లో ఆరబెట్టి, వెంటనే ద్రవ నైట్రోజన్‌లో, సున్నాకు 196 డిగ్రీల కిందకు ముంచుతారు. గింజ మొత్తాన్ని ఇలా చెయ్యలేం. మామిడి టెంకంత లావు గింజ పైన ఆరేలోపు లోపల తడిగానే ఉంటుంది. ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థలో చందేల్, రేఖా చౌదరి, వారి సహచరులు తేయాకు, కోకో, పనస పిండాల మీద ఈ పనిచేసి 1995లో ప్రచురించారు. పనస చెట్టు వంశాన్ని వందేళ్ళు దాచాలంటే దారి ఇదొక్కటే. అయితే ప్రయోగశాలలో కుదిరిన ఈ పని నర్సరీ రైతుకు ఏ విధంగానూ అక్కరకు రాదు. మడ, మామిడి, కొబ్బరి గింజల్ని ఆరబెట్టకపోవడమే ఆయన చెయ్యగల అన్నిటికన్నా మంచి పని.

రెండు వర్గాలకూ చెందనివి కొన్నున్నాయి. 1990లో ఎల్లిస్, హాంగ్, రాబర్ట్స్ కాఫీ గింజ మీద పనిచేసి మూడో, నడిమి వర్గాన్ని చేర్చారు. కాఫీ గింజ కొంతవరకు ఆరడాన్ని తట్టుకుంటుంది, మరీ ఆరినా, మరీ చల్లబరిచినా చస్తుంది. విత్తనం కోసం తీసిన కాఫీ గింజకు కట్టెల బూడిద కలిపి నీడలో పరచి ఆరబెట్టడం పాత ఆనవాయితీ. వేప మీదైతే వివాదం ఇంకా గట్టిది. ఒక దేశంలో ఆరబెట్టి దాచవచ్చన్నారు, ఇంకో దేశంలో వారాల్లో చస్తుందన్నారు. పండు ఎంత మాగాక ఏరారు, గుజ్జు ఎప్పుడు తీశారు, ఎంత వేగంగా ఆరబెట్టారు, తిరిగి నానబెట్టింది చల్లటి నీళ్ళలోనా వెచ్చటి నీళ్ళలోనా అన్న తేడాలే ఈ జవాబుల్ని వేరు చేశాయని తరవాతి పని చూపించింది. బాగా ఆరిన వేప గింజ చల్లటి నీళ్ళలో దెబ్బతింటుంది. ఒకే చెట్టు గింజ, చూసుకునే తీరును బట్టి వర్గం మారుతోంది. వర్గాల పేర్ల మీద పెట్టిన శ్రద్ధలో సగం ఆరబెట్టే తీరు మీద పెట్టి ఉంటే ఈ గొడవలో చాలా భాగం ముందే తీరేది.

ఇక్కడినుంచి హైదరాబాదు రోడ్డు. పటాన్‌చెరు ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల విత్తనాల్ని చల్లటి పొడి గదిలో మెల్లగా ఆరబెట్టి సున్నాకు 20 డిగ్రీల కింద దాస్తారు. అక్కడ పనిచేసిన ఎన్. కామేశ్వరరావు సజ్జ గింజ పండే దశకూ ఆయుష్షుకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించారు. 2006లో జన్యు బ్యాంకుల కోసం వెలువడిన విత్తన నిర్వహణ చేతిపుస్తకానికి మొదటి రచయిత ఆయనే. ఎంత దాకా ఆరబెట్టవచ్చన్న దాని మీద 1990లలో రీడింగ్ వాళ్ళకూ అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ వాళ్ళకూ పెద్ద వాదం నడిచింది. ఒక హద్దు దాటి ఆరబెడితే లాభం ఆగిపోతుందని ఒకరు, లాభం ఆగడమే కాదు నష్టం మొదలవుతుందని మరొకరు. బందరు రోడ్డు మీద 17 దగ్గర తంటాలు పడే మనకు ఆ గొడవ ఇప్పట్లో అవసరం లేదు.

మనకు అవసరమైంది రాజేంద్రనగర్‌లో జరిగిన పని. తెలంగాణ విత్తన ధ్రువీకరణ సంస్థకు సంచాలకుడిగా, తరవాత అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసిన డాక్టర్ కె. కేశవులు, కాలిఫోర్నియా డేవిస్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బ్రాడ్‌ఫర్డ్, పీతాంబర్ దహల్‌లతో కలిసి జియోలైట్ పూసలను విత్తనాల మీద పరీక్షించారు. ఈ పూసలు తమ బరువులో ఐదో వంతుకు పైగా నీటిని పీల్చుకుంటాయి. గాలి చొరని డబ్బాలో విత్తనంతో పాటు పెడితే మామూలు గది వేడిలోనే, చుట్టూ ఎంత ఉక్కగా ఉన్నా, గింజ 8 శాతం కిందకు దిగుతుంది. పని అయ్యాక పూసల్ని 200 డిగ్రీల పైన కాల్చి మళ్ళీ వాడుకోవచ్చు. ఇంతకుముందు వేగం కావాలంటే వేడి పెంచాల్సిందే. ఈ పూసలు వేడి లేకుండా వేగాన్ని ఇచ్చాయి, అదే వీటి విలువ. మిరప, టమాటా, ఉల్లి వంటి ఖరీదైన విత్తనాలకు ఇవి గిట్టుబాటు అవుతాయి. వరి బస్తాలకు కావు, కావన్నది దాచనక్కర్లేదు.

మరి వరికి? నా తీర్పు ఇది. డెల్టాలో వరి విత్తనాన్ని చంపుతున్నది ప్రధానంగా వేగం కాదు. తడి గింజ సంచుల్లో, ట్రక్కుల్లో ఆగిపోయి గడిపే మొదటి రాత్రి ఒకటి. తారు రోడ్డు మీద అదుపులేని మధ్యాహ్నపు వేడి ఒకటి. ఆరిందని నమ్మి 14 శాతం తేమతోనే గాలాడని ప్లాస్టిక్ సంచిలో కట్టెయ్యడం మూడోది. గాలి చొరని సంచి 8 శాతానికి దిగిన గింజకు రక్ష, 14 దగ్గరున్న గింజకు ఉక్కబోత గది. ఈ మూడింటినీ తప్పించాక, విడతలుగా, పగలు ఆరబెట్టి రాత్రి కుప్పజేసి, మూడు నాలుగు రోజుల్లో 12 దగ్గరకు దించితే ఆ వేగం వరికి సరిపోతుంది. తొందరపడి ఒక్క రోజులో దించనక్కర్లేదు, వారాలూ తియ్యనక్కర్లేదు.

ఇందుకు ప్రభుత్వం చెయ్యాల్సిన పని పెద్దదేమీ కాదు. తేమ కొలిచే మీటరు రైతు సేవా కేంద్రాల్లో ఉంది, కానీ అది అమ్మే ధాన్యానికే బయటికి వస్తోంది. విత్తనం దాచుకునే రైతు రెండు గుప్పిళ్ళు తెస్తే కొలిచి చెప్పమని ఒక్క ఉత్తర్వు చాలు. మండలానికి ఒక చిన్న డ్రయ్యరును విత్తనానికి మాత్రమే కేటాయిస్తే తుపాను ఏడాదుల్లో అదే ఊళ్ళను ఆదుకుంటుంది.

రైతులకు చెప్పేది కూడా క్లుప్తమే. విత్తనం మడిని కోతకు ముందే ఎంచుకోండి, ఆ ఒక్క మడిని వీలైతే చేత్తో కోయించి పనల మీద ఆరనివ్వండి. హార్వెస్టరుతో కోసినా విత్తనం భాగాన్ని రోడ్డు మీద కాకుండా పట్టా మీదో గచ్చు మీదో పలచగా పరచండి, నడిఎండలో రెండు మూడు గంటలు కుప్పజేసి కప్పండి. నారుమడికి పదిహేను రోజుల ముందు 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టి చూడండి. 80కి తగ్గకుండా మొలిస్తే నారు పోయండి, తగ్గితే ఆ బస్తాలను మిల్లుకు పంపి కొత్త విత్తనం కొనుక్కోండి.